తాతల దస్తూరి చదవాలంటే

తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన లావాదేవీల పట్టిక, తీస్తే అది 1983 జనవరి 1 నుంచే మొదలవుతుంది. ఎస్.ఆర్. నగర్ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి లింకు డాక్యుమెంట్ల (ఆస్తి పాత దస్తావేజుల) కోసం వచ్చేవాళ్లలో చాలామందికి ఈ సంగతి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. ఆ తేదీ తర్వాతి లావాదేవీలు కంప్యూటరులో ఉన్నాయి. అంతకు ముందువి కావాలంటే, ఆ రోజుల్లో ఆ స్థలం ఏ కార్యాలయం కింద ఉండేదో కనుక్కొని, అక్కడి రికార్డు గదిలో రిజిస్టరు దించి చూడాలి. అందులో ఉండేది చేతిరాత. ఇంకా వెనక్కి వెళ్తే ఆ చేతిరాత లిపి మారుతుంది, భాష మారుతుంది, అంకెలు మారతాయి, సంవత్సరాల లెక్కా మారుతుంది.

ఎస్.ఆర్. నగర్ అంటే సంజీవరెడ్డి నగర్. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి పేరుతో వెలిసిన కాలనీ కాబట్టి నిజాం కాలపు కాగితాల్లో ఈ పేరు వెతికి లాభం లేదు. అక్కడ కనబడేవి చుట్టుపక్కల పాత ఊళ్ల పేర్లే. ఈ కాలనీలో కాపురముంటున్న వాళ్లలో గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లున్నారు, కరీంనగర్, నల్గొండల నుంచి వచ్చినవాళ్లున్నారు, అనంతపురం నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇళ్లలో అటక మీద ఉన్న ఇనప్పెట్టెలు తెరిస్తే నాలుగైదు రకాల పాత రాతలు బయటపడతాయి. తాత పేరు, ముత్తాత పేరు, ఎవరు ఎవరికి దత్తు వెళ్లారు, ఏ ఆడపడుచుకు పసుపు కుంకుమ కింద ఎంత పొలం రాశారు, అన్నీ వాటిలోనే ఉంటాయి. ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్లే అయినా ఆ కాగితం చదవగలిగినవాళ్లు ఉండరు.

దానికి కారణం పాతకాలం వాళ్ల రాత బాగుండకపోవడమే అనుకుంటారు. నేను అలా అనుకోను. ఆ రాత వృత్తి నిపుణులు తోటి నిపుణుల కోసం రాసింది. చదివేవాడికి విషయం ముందే సగం తెలుసన్న నమ్మకంతో రాసింది. ఆ తెలిసిన సగాన్ని మనం మళ్లీ కూడబెట్టుకుంటే మిగతా సగం చదవడం కుదురుతుంది.

ముందు హైదరాబాద్ రాజ్యం కాగితాలు చూద్దాం. నిజాం ప్రభుత్వంలో 1884 దాకా అధికార భాష పార్శీ. రెండో సాలార్‌జంగ్ దివానుగా ఉన్న ఆ ఏడాది దాని స్థానంలోకి ఉర్దూ వచ్చింది. పార్శీ దఫ్తర్లలో గుమాస్తాలు రాసింది షికస్తా. ఆ మాటకు విరిగినదని అర్థం. 17వ శతాబ్దంలో ఇరాన్‌లో నస్తలీఖ్ నుంచి వేగం కోసం పుట్టిన పద్ధతి ఇది. మామూలుగా కలవకూడని అక్షరాలను ఇందులో కలిపేస్తారు, చుక్కలు వదిలేస్తారు. ఉర్దూ వచ్చాక కూడా దఫ్తర్లలో ఆ చేతివాటం చాలావరకు కొనసాగింది.

చుక్కలు వదిలేస్తే ఏమవుతుందో తెలియాలంటే ఉర్దూ అక్షరాల తీరు కాస్త తెలియాలి. మాట మొదట్లో వచ్చే బ, ప, త, న, య అక్షరాలన్నిటికీ ఒకే చిన్న పన్ను లాంటి గీత. చుక్కలు ఎన్ని, పైనా కిందా అన్నదాన్ని బట్టే అది ఏ అక్షరమో తేలుతుంది. చుక్కలు లేకపోతే బాలయ్య పాలయ్య కావచ్చు. పైగా హ్రస్వ అచ్చులను రాయరు కాబట్టి తెలుగు పేరులోని అచ్చులను చదివేవాడే పూరించుకోవాలి. ఆ ఊరి లెక్కలు రాసే పట్వారీకి ఇదేమీ ఇబ్బంది కాలేదు. ఆ సర్వే నంబరులో సాగు చేస్తున్నది బాలయ్యేనని అతనికి తెలుసు. డెబ్బై ఏళ్ల తర్వాత మనవరాలు ఆ కాగితం పట్టుకొని వస్తే మాత్రం ఆ ఊళ్లో బాలయ్య, పాలయ్య ఇద్దరూ ఉండేవాళ్లా అన్న ప్రశ్న లేస్తుంది.

తెలంగాణలో భూమి తగాదా వస్తే 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూముల రికార్డు కోసం ఇప్పటికీ వెతుకుతారు. చాలా ఊళ్లకు అది ఉర్దూలో, చేత్తో రాసి ఉంటుంది. అంతకు ముందరి సర్వే రికార్డులైన సేత్వార్లూ అంతే. వీటిలో అంకెలను ప్రత్యేకంగా చూడాలి. ఉర్దూ అంకెల్లో సున్న అంటే చిన్న చుక్క. కాగితం మీద పడిన సిరా మరక, పురుగు కొరికిన రంధ్రం, కింది వరసలో అక్షరానికి చెందిన చుక్క, వీటిలో ఏదైనా సున్నగా కనబడి 12వ సర్వే నంబరును 120 చేయగలదు. రెండు, మూడు అంకెలకు తేడా ఒక్క చిన్న వంపే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒక్క అంకెను విడిగా చదవరు. ఆ వరసకు పైనా కిందా ఉన్న సర్వే నంబర్లు క్రమంలో ఉన్నాయా, పక్క గళ్లలో ఉన్న ఎకరాలు, గుంటలు కలిపితే అడుగున రాసిన మొత్తం వస్తుందా అని సరిచూస్తారు. పాత లెక్కల కాగితానికి ఉన్న మంచి గుణం ఇది, అడుగున కూడిక ఉంటుంది. కూడిక సరిపోవాలి కాబట్టి దాన్ని పట్టుకొని పైన అనుమానంగా ఉన్న అంకెను తేల్చవచ్చు.

ఇంకా పాత పార్శీ లెక్కల్లో మామూలు అంకెలు కూడా ఉండవు. మొగలు కాలం నుంచి వచ్చిన సియాఖ్ అనే పద్ధతిలో మొత్తాలు రాసేవాళ్లు. అరబ్బీ భాషలో అంకెల పేర్లను కుదించి, గీతలుగా అరగదీసి చేసిన గుర్తులవి. పదికి ఒక గుర్తు, ఇరవైకి వేరే గుర్తు, వందకు ఇంకొకటి. మన అంకెల్లో ఉన్నట్టు స్థానాన్ని బట్టి విలువ మారదు. కాబట్టి చివర ఒక సున్న చేర్చి పదిని వంద చేయడం కుదరదు. ఈ గుర్తులకు 2018లో యూనికోడ్ 11వ కూర్పులో చోటు దొరికింది. అంటే ఇప్పుడు వాటిని టైపు చేయవచ్చు, కంప్యూటరులో వెతకవచ్చు.

ఈ రాతలన్నిటికీ హైదరాబాద్‌లో పెద్ద నిలయం తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్. ఎస్.ఆర్. నగర్‌లో మెట్రో ఎక్కి, తర్వాతి స్టేషను అమీర్‌పేటలో నాగోలు వైపు రైలు మారితే నేరుగా అక్కడికే చేరుకోవచ్చు. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా కాలంలో 1406లో రాసిన పత్రం అక్కడి పాతవాటిలో ఒకటి. షాజహాన్, ఔరంగజేబుల కాలపు మొగలు పత్రాలే లక్షన్నరకు పైగా ఉన్నాయి. వాటిలో సిపాయిల జీతాలు, గుర్రాల హాజరు, జాగీర్ల లెక్కలు కనిపిస్తాయి. రాజుల చరిత్ర కోసం ఎక్కువమంది అక్కడికి వెళ్తారు. కుటుంబ చరిత్ర వెతికేవాళ్లకు కూడా ఆ గుమ్మం తెలిసి ఉండాలి.

తేదీల దగ్గర మరో చిక్కు ఉంది. నిజాం రాజ్యంలో ప్రభుత్వ కాగితాలకు ఫసలీ సంవత్సరం. అది అక్టోబరు మొదటివారంలో ఆజుర్ నెలతో మొదలవుతుంది. ఫసలీకి 590 కలిపితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, 591 కలిపితే జనవరి నుంచి సెప్టెంబరు దాకా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. హైదరాబాద్ భూమి శిస్తు చట్టాన్ని ఇప్పటికీ 1317 ఫసలీ చట్టం అని పిలుస్తారు. జాగీర్ల రద్దు 1358 ఫసలీలో, అంటే 1949 ఆగస్టులో జరిగింది. ఇంతవరకు తేలికే. మద్రాసు రాష్ట్రంలోనూ ఫసలీ ఉండేది, కానీ అక్కడ అది జులై 1న మారేది. అంటే 1949 ఆగస్టులో నల్గొండలో రాసిన కాగితం మీద 1358 ఉంటే, అదే వారం కృష్ణా జిల్లాలో రాసిన కాగితం మీద 1359 ఉంటుంది. రాజ్యం సరిహద్దుకు రెండు వైపులా బంధుత్వాలున్న కుటుంబాల్లో ఒకరి మరణం, మరొకరి పేర పట్టా మార్పు ఈ ఒక్క ఏడాది తేడాతో తారుమారు కావచ్చు. మనిషి చనిపోయిన ఏడాది తర్వాత అమ్మకం చేసినట్టు కనబడితే దొంగ దస్తావేజు అని గొడవపడే ముందు ఆ ఫసలీ ఏ వైపుదో చూసుకోవాలి.

ఇక తెలుగు రాత. మన భాషే కాబట్టి తేలిక అనుకుంటాం. అసలు కష్టం ఇక్కడే ఎదురవుతుంది.

ఊరి లెక్కలు రాసే కరణాల రాతను గొలుసుకట్టు అంటారు. కలం ఎత్తకుండా, ఒక అక్షరం తలకట్టు నుంచి తర్వాతి అక్షరంలోకి జారుతూ పోయే రాత అది. అచ్చులో మనం చూసే ప, వ, న, స అక్షరాలను విడదీసేది తలకట్టు ఎక్కడ అంటుకుంది, గీత ఎక్కడ మూసుకుంది అన్న చిన్న తేడాయే. గొలుసుకట్టులో ఆ తేడా కరిగిపోతుంది. మ, య అక్షరాలు రెండూ చివర ఒకే తోకతో ముగుస్తాయి. ఒత్తులు చాలాచోట్ల ఉండవు కాబట్టి ద, ధ ఒకటే, బ, భ ఒకటే. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. వాక్యం ముగిసిందని చెప్పే గుర్తూ ఉండదు. ఉచ్చారణను బట్టి యిచ్చిన, వొక, యెకరం అని రాస్తారు. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో పేర్ల సూచిక వెతికేటప్పుడు ఈ చివరి సంగతి అక్కరకొస్తుంది. 'ఎ' కింద దొరకని ఎల్లయ్య 'యె' కింద యెల్లయ్యగా ఉండవచ్చు.

పాత లిపిలో వలపలగిలక అనే గుర్తు ఒకటుండేది. మాటలో ముందు పలికే పొల్లు ర-ని తర్వాతి అక్షరానికి కుడివైపున రాసేవాళ్లు. దాని ఆకారం అచ్చం తెలుగు తొమ్మిది అంకె. పార్వతమ్మ అన్న పేరు 'పావ౯తమ్మ' అవుతుంది. శర్మ 'శమ౯' అవుతాడు. ఈ గుర్తు తెలియనివాళ్లకు ముత్తవ్వ పేరు మధ్యలో తొమ్మిది ఎందుకుందో అర్థం కాదు. పొల్లు న-కు కూడా నకారపొల్లు అని విడి గుర్తుండేది. 2021లో యూనికోడ్ దాన్ని చేర్చుకుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి భిన్నాల గుర్తులు. వాటి గురించి కాస్త విడమరచి చెప్పాలి. మన పాత లెక్క నాలుగు మీద నడిచింది. ఒకటిని నాలుగు చేస్తే కాలు, కాలును నాలుగు చేస్తే వీసం, వీసాన్ని నాలుగు చేస్తే కాని. అంటే వీసం పదహారో వంతు, కాని అరవై నాలుగో వంతు. రాతలో కాలు వంతులకు నిలువు గీతలు. ఒక గీత అయితే కాలు (౹), రెండయితే అర (౺), మూడయితే ముక్కాలు (౻). వీసాలకు అడ్డగీతలు. ఒకటయితే వీసం (౼), రెండయితే పరక (౽), మూడయితే మువ్వీసం (౾). కానీలకు మళ్లీ నిలువు గీతలు. నిలువు, అడ్డం, నిలువు అని ఒకదాని తర్వాత ఒకటి మారుతూ పోతాయి కాబట్టి ఏ గీత ఏ మెట్టుకు చెందిందో పొరపడే పని లేదు. దశాంశ బిందువు అవసరం లేకుండా భిన్నాన్ని ఎంత సన్నంగానైనా రాసే పద్ధతి ఇది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి.

ఇప్పుడు ఒక పంపకాల పట్టీలో ఒక కొడుకు పేరు పక్కన ౹౼ అని ఉందనుకుందాం. తెలియనివాళ్లు నిలువు గీతను వాక్యం చివరి దండం అనుకుంటారు, అడ్డగీతను ఖాళీ పూరించే గీత అనుకుంటారు. నిజానికి అక్కడ ఉన్నది కాలు, దాని మీద వీసం. పదహారు వంతుల్లో అయిదు వంతులు అతని వాటా. రూపాయికి పదహారు అణాల కాలంలో దాన్నే అయిదణాల వాటా అనేవాళ్లు. అన్నదమ్ముల వాటాలన్నీ కలిపితే పదహారణాలు వచ్చిందా లేదా అని చూస్తే మన చదువు సరైనదో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది. ఈ గుర్తులకు యూనికోడ్ 5.1లో, 2008లో చోటు దొరికింది. వాటితోపాటు తూము గుర్తుకూ దొరికింది. కొలతలు కూడా ఇదే లెక్కను అనుసరించాయి. తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు. ధాన్యం కౌలు రాసిన కాగితంలో ఈ గీతలే నిండి ఉంటాయి.

తెలుగు కాగితం మీద తేదీకి ఒక్కోసారి సంవత్సరం పేరు తప్ప ఇంకేమీ ఉండదు. శార్వరి నామ సంవత్సరం అంటే 1900-01 కావచ్చు, 1960-61 కావచ్చు, 1840-41 కూడా కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. అయితే కరణం సాధారణంగా మాసం, పక్షం, తిథితోపాటు వారం కూడా రాస్తాడు. అదే మనకు ఆధారం. ఆ తిథి ఆ వారాన పడింది మూడింటిలో ఏ శార్వరిలోనో పాత పంచాంగాలు చూసి తేల్చవచ్చు. కాగితం మీద శాలివాహన శకం కూడా ఉంటే 78 కలిపితే సరిపోతుంది. శకం 1822 అంటే 1900.

ఇంత వివరం ఎందుకు చెబుతున్నానంటే, పాత రాత చదవడంలో పొరపాటు కంటిలో కంటే మెదడులో ఎక్కువ జరుగుతుంది. 1969లో రైకర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక అక్షరాన్ని క్షణంలో కొంత భాగం సేపు చూపించి ఏమిటని అడిగితే, అది విడిగా ఉన్నప్పటికంటే అర్థమున్న మాటలో ఉన్నప్పుడు జనం బాగా గుర్తుపట్టారు. మనం అక్షరాలు కూర్చుకొని మాటను చదువుతున్నామనుకుంటాం. మాట నుంచి అక్షరానికి కూడా మెదడు ప్రయాణిస్తుంది. ముందేం రాబోతోందో ఊహించి, కంటికి సరిగ్గా ఆననిదాన్ని పూరించేస్తుంది. రోజువారీ చదువుకు ఇది గొప్ప వరం. కుటుంబ చరిత్ర వెతికేవాళ్లకు ఇదే ప్రమాదం. ఎందుకంటే వాళ్లకు కావాల్సినవి పేర్లు. పేర్లను వాక్యాన్ని బట్టి ఊహించలేం. 'వ్రాయించి యిచ్చిన' తర్వాత 'దస్తావేజు' వస్తుందని చెప్పగలం కానీ 'కుమారుడు' అన్న మాటకు ముందు ఏ పేరుందో వాక్యం చెప్పదు. అక్కడ మెదడు తనకు తెలిసిన పేరును, కావాలనుకున్న పేరును పెట్టేస్తుంది. తాత పేరు వెంకటరామయ్య అని వినివున్న మనిషికి ప్రతి మసక అక్షరాల గుంపులోనూ వెంకటరామయ్యే కనబడతాడు.

దీనికి విరుగుడు ఆ దస్తావేజులోనే ఉంది. భూమి పత్రాలన్నీ ఒకే పోలికలో సాగుతాయి. 'పుత్ర పౌత్ర పారంపర్యంగా', 'దాన విక్రయాది సర్వ హక్కులతో', 'నా సమ్మతిన వ్రాయించి యిచ్చిన', ఇవి ప్రతి దాంట్లోనూ ఉంటాయి. రాత తెలియకపోయినా అక్కడ ఏ మాటలున్నాయో మనకు తెలుసు. అందుకని చదవడం పేర్ల దగ్గర మొదలుపెట్టకూడదు. ఈ తెలిసిన వాక్యాల దగ్గర మొదలుపెట్టాలి. 'పౌత్ర'లో ఆ రాయసగాడు ప ఎలా రాశాడు, 'విక్రయ'లో వ ఎలా రాశాడు, 'సమ్మతి'లో మ-కు మ వత్తు ఎలా ఇచ్చాడు అని ఒక కాగితం మీద అతని వర్ణమాలను విడిగా గీసుకోవాలి. ప్రతి కరణానికీ తన వర్ణమాల ఉంటుంది. పత్రం చివర 'దస్తూరి' అని రాసి తన పేరు పెట్టుకుంటాడు కాబట్టి ఇది ఎవరి రాతో తెలుస్తుంది. అదే మనిషి రాసిన మరో రెండు కాగితాలు దొరికితే ఆ వర్ణమాల గట్టిపడుతుంది. అప్పుడు పేర్ల దగ్గరికి వచ్చి, ఒక్కో అక్షరాన్ని ఆ పట్టికతో పోల్చి చదవాలి. తెలిసిన వాక్యం నుంచి అక్షరం, అక్షరం నుంచి తెలియని పేరు. ఈ వరస తిరగబడితే పాత కాగితం మనం చెప్పమన్నదే చెబుతుంది.

చదివినదాన్ని రాసుకోవడానికీ ఒక క్రమశిక్షణ ఉండాలి. మూలంలో ఏ వరస ఎక్కడ తెగిందో మన ప్రతిలోనూ అక్కడే తెగాలి. స్పెల్లింగు దిద్దకూడదు. యిచ్చిన అని ఉంటే యిచ్చిన అనే ఎత్తి రాయాలి. అనుమానంగా ఉన్న అక్షరాన్ని చదరపు కుండలీకరణాల్లో పెట్టాలి. కుదించిన మాటను మనం విప్పితే అది మన పని అని తెలిసేలా గుర్తు పెట్టాలి. మూడు నెలల తర్వాత అదే కాగితం మళ్లీ చూస్తే ఆ కుండలీకరణాల్లో సగం తొలగిపోతాయి.

రిజిస్ట్రేషన్ కార్యాలయం నుంచి తెచ్చుకున్న నకలుకు ఇంకో పొర ఉంటుంది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు వచ్చేదాకా, దస్తావేజు మొత్తాన్ని గుమాస్తా 1వ పుస్తకం అనే రిజిస్టరులోకి చేత్తో ఎక్కించేవాడు. మన చేతికి వచ్చేది కరణం రాతను ఒక గుమాస్తా చదివి రాసిన రాత. అతను పొరబడిన చోట మనం ఎంత బాగా చదివినా లాభం లేదు. ఇలాంటి నకళ్లలో మామూలుగా జరిగే పొరపాటు ఒకటుంది. ఒకే మాట దగ్గర దగ్గరగా రెండుసార్లు వచ్చినప్పుడు ఎత్తి రాసేవాడి కన్ను మొదటి చోటు నుంచి రెండో చోటుకు దూకుతుంది, మధ్యలోది ఎగిరిపోతుంది. హద్దులు రాసే చోట ఒకే మనిషి పొలం తూర్పునా దక్షిణాన కూడా ఉంటే ఒక హద్దు పూర్తిగా మాయమవడానికి ఇది చాలు. నాలుగు హద్దుల్లో మూడే ఉన్నాయంటే మొదట అనుమానించాల్సింది నకలునే. తాటాకు ప్రతులను పరిష్కరించే పండితులు కూడా ఇలాగే కన్ను దూకిన చోట్లను వెతుకుతారు.

సిరా వెలిసిపోయి ఏమీ కనబడకపోతే రసాయన శాస్త్రం సాయపడుతుంది. పాత సిరాల్లో రెండు పెద్ద రకాలు. ఒకటి మసితో చేసింది, రెండోది కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి చేసింది. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్. కరక్కాయలోని టానిన్లు, ఇనుము కలిసి, గాలి తగిలాక నల్లబడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నలుపు గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆమ్లం కాగితాన్ని తినేస్తుంది. గీత ఉన్నచోట కాగితం చిల్లులు పడటం అందుకే. అయితే ఇనుప సిరా అతినీలలోహిత కాంతిని బాగా పీల్చుకుంటుంది. కంటికి దాదాపు మాయమైన రాత ఆ దీపం కింద, మెరిసే కాగితం మీద నల్లగా తేలుతుంది. మసి సిరా సంగతి వేరు. అది పరారుణ కాంతిలో నల్లగానే ఉంటుంది, ఇనుప సిరా మాత్రం అదే కాంతిలో పారదర్శకమైపోతుంది. అందుకే మసి రాత మీద ఇనుప సిరా ఒలికినా, ఎవరైనా దాంతో కొట్టేసినా, పరారుణ కెమెరాకు కింది అక్షరాలు కనబడతాయి. ఇంట్లో అయితే ఫోన్‌తో ఫోటో తీసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలను విడివిడిగా చూడటం మొదటి మెట్టు. గోధుమ రంగు సిరా నీలం కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి చాలాసార్లు ఆ పొరలో రాత స్పష్టమవుతుంది.

తాటాకు మీద సిరా ఉండదు, గంటంతో గీసిన గాడి ఉంటుంది. మసి రుద్దితే ఆ గాడి నల్లబడుతుంది. మసి రాలిపోయిన ఆకును పై నుంచి వెలుతురు వేసి ఎంత చూసినా ప్రయోజనం లేదు. దీపాన్ని పక్కకు, ఆకు మట్టానికి దించితే గాళ్లలో నీడలు పడి అక్షరాలు లేస్తాయి. పాత కాగితాన్ని లామినేషన్ చేయించడం, తడి గుడ్డతో తుడవడం, పెన్నుతో వెలిసిన గీతల మీద మళ్లీ దిద్దడం మాత్రం ఎవరూ చేయవద్దు. 19వ శతాబ్దంలో యూరపులో పండితులు వెలిసిన తోలు పత్రాల మీద రసాయనాలు పూసి ఒకసారి చదవగలిగారు. తర్వాతి తరాలకు అక్కడ మిగిలింది మరకలే.

సముద్రం దాటిన తెలుగువాళ్ల కాగితాలు చూస్తే ఇదే సమస్య అటు నుంచి కనబడుతుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలో 342 మంది కూలీలున్నారు. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో, అంతకు ముందే మారిషస్‌కు, తర్వాత ఫిజీకి వెళ్లిన వాటిలో కూడా తెలుగువాళ్లున్నారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు గుమాస్తాలు ఇంగ్లీషులో రాసుకున్నారు. తెలుగు పేరును చెవికి వినబడినట్టు రాశారు. ఇంగ్లీషు గొలుసు రాతలో ఎన్, యు, ఎమ్, ఐ అక్షరాలు వరసగా వస్తే అన్నీ ఒకే రకం నిలువు గీతలు. డర్బన్‌లోనో పోర్ట్ లూయీలోనో ఉన్న మునిమనవడికి ఆ గీతల వెనక ఏ తెలుగు పేరుండవచ్చో తట్టదు. విశాఖపట్నం జిల్లాలో పుట్టిపెరిగిన మనిషి దాన్ని పైకి చదివితే, చెవికి తట్టవచ్చు. రాసింది చెవితో కాబట్టి చదవాల్సిందీ చెవితోనే. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ దేశానికి వచ్చినవాళ్ల వలస రికార్డులు భద్రంగా ఉన్నాయి.

ఇక యంత్రం సంగతి. ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేటల మధ్య హాస్టళ్లలో ఉంటూ ఏఐ కోర్సులు నేర్చుకుంటున్న పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న, దీన్ని కంప్యూటరుతో చదివించలేమా అని. చదివించవచ్చు. చేతిరాతను గుర్తించే ప్రోగ్రాముకు వరస బొమ్మ, పక్కన దాని పాఠం, ఇలాంటి జతలు వేలకొద్దీ చూపిస్తే అది నేర్చుకుంటుంది. యూరపు భాషల పాత రాతలను ఈ పద్ధతిలో చదివిస్తున్నారు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పరిశోధకులు తెలుగు చేతిరాత మీద లక్షకు పైగా పదాల బొమ్మలతో ఒక నిధిని తయారుచేశారు. అది నేటి రాత. గొలుసుకట్టు నేర్పాలంటే గొలుసుకట్టు జతలే కావాలి. యంత్రానికి మన మెదడుకున్న బలహీనతే ఉందని కూడా గుర్తుంచుకోవాలి. అక్షరం అస్పష్టంగా ఉంటే అది తాను ఎక్కువగా చూసిన పేరును అంటగడుతుంది. అరుదైన ఇంటిపేర్లను మామూలు ఇంటిపేర్లుగా మార్చేస్తుంది. దాని ప్రతిలో కుండలీకరణాలు కూడా ఉండవు.

ఆ జతలు తయారుచేయగలిగిన మనుషులు ఇంకా ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 1984 జనవరిలో కరణం, మునసబు, పట్వారీ, పటేల్ పదవులు రద్దయ్యాయి. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆ రాత నేర్పడం అక్కడితో ఆగింది. ఆనాడు పాతికేళ్లున్నవాళ్లకు ఇప్పుడు అరవై దాటాయి, వాళ్ల పైవాళ్లకు ఎనభై దాటాయి. చాలామంది పిల్లల దగ్గర హైదరాబాద్‌లోనే ఉంటున్నారు. మీ కాగితం వాళ్లకు ఇచ్చి చదివించుకుంటే సరిపోదు. ఒక వరసకు వేలు పెట్టి, గట్టిగా చదవమని అడిగి, ఫోన్‌లో వీడియో తీసుకోండి. భిన్నాల గీతలు వచ్చినప్పుడు విలువ చెప్పమనండి. పేరు వచ్చిన చోట ఆపి, ఏ అక్షరాన్ని చూసి అలా చదివారో చూపించమనండి.